తెల్ల డబ్బా

చీటీ డబ్బు అమ్మ చేతికొచ్చిన వారం
మునిగుడలో పాసింజరెక్కి
రాయగడలో దిగాం నలుగురం.
ఆ డబ్బుతో ఫ్రిజ్జు కొనొచ్చు, కొనలేదు.
"గుంటలు ఎవరింటి కిటికీ కాడో నిలబడి
ఒకరాడతంటే చూస్తన్నారు, సిగ్గేస్తంది" అంది అమ్మ.
అంతే, అదే తీర్మానం.

తమ్ముడు హేమసుందరు దగ్గర ఒక కాగితం ఉంది.
పాత క్యాలెండరు వెనక గళ్ళు గీసి
ధర, మెమరీ, బొమ్మ నాణ్యత, గ్యారంటీ,
మార్కులు దిద్దుతూనే ఉన్నాడు మూణ్ణెల్లుగా.
నల్లదానికి పదికి తొమ్మిదిన్నర.
ఆ అర ఎందుకు పోయిందో అడిగితే చెప్పలేదు.

బిభూతి సాహు కొట్లో ఏసీ ఉంది, వేయరు.
ఒడియాలో మొదలెట్టి, మా ముఖాలు చూసి
తెలుగులోకి దిగాడు,
తెలియని మెట్లు దిగినట్టు ఆగి ఆగి.
నల్లదాన్ని గాజు బల్ల మీద పెట్టి మీట నొక్కాడు.
తెర మీద వాన మొదలైంది.
కారు అద్దం మీద ఒక్కో చుక్కా
దాని దారిన అది జారింది.
"ఓలమ్మో" అంది అమ్మ కూడా.
మా రేకుల మీద పడే వాన కన్నా బాగుంది,
కింద గిన్నెలు పెట్టక్కర్లేదు కదా.

"మీరూ పట్టుకోండి భాయినా" అన్నాడు సాహు.
నాన్న ముందు ఎడమ చెయ్యి చాపాడు.
తర్వాత, తప్పదన్నట్టు, కుడిది.

కోతమిల్లులో టేకు దుంగతో పాటు పోయిన
చూపుడు వేలు, నడిమి వేలు,
సరిగ్గా ఆ రెండూ ఆనడానికే చేశారు
దాని వెనకున్న మీటల్ని.
నాన్న బొటనవేలితో వెతికాడు.
ఉంగరపు వేలిని ముందుకు లాగి చూశాడు.
కారు గోడని గుద్దుకుని
చక్రాలు అక్కడక్కడే తిరిగాయి, వానలో.
"నాకెందుకులే, గుంటలాడతారు" అని
వేడి గిన్నె దించినట్టు
గాజు మీద దించేశాడు.

కాసేపు ఎవరమూ రేటడగలేదు.

తమ్ముడు కాగితం మడిచాడు.
ఇంకో మడత. ఇంకోటి.
పై అరలో దుమ్ము పట్టిన తెల్ల డబ్బా చూపించి
"అదేటి?" అన్నాడు.
"పాతది బాబూ, ఎవరో వాడి తిరిగిచ్చారు.
బొమ్మలు అంత బాగోవు.
కర్ర ఒకటుంటది, పట్టుకుని చెయ్యి ఊపాల, అంతే."
"అంతేనా?"
"అంతే."
"నాకదే కావాల."

పదకొండేళ్ళ వాడు. అబద్ధమాడితే చెవులెర్రబడతాయి.
నేను చెవులే చూశాను, నోరు మెదపలేదు.
ఆ మడతల్లో ఎక్కడో
తెల్లదానికి నాలుగు మార్కులు.

అప్పుడు అమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.
తెలుగులో నసిగి,
ఒడియాలో కెత్తే కెత్తే అని గద్దించి,
హిందీలో గుమ్మం దాకా వెళ్ళిపోయి వెనక్కొచ్చి
పన్నెండొందలు తగ్గించింది,
రెండో కర్ర ఊరికే వేయించింది.

తిరుగు బండిలో డబ్బా నాన్న ఒళ్ళో.
ఎదుటి సీటు కొంధు పెద్దాయన
కువిలో అడిగి, మేం తెల్లమొహం వేస్తే
మళ్ళీ ఒడియాలో అడిగాడు ఏముందందులో అని.
నాన్న తేరుబలి దాటేదాకా ఆలోచించి
"బొమ్మలాట" అన్నాడు, తెలుగులో.
ఆయన అర్థమైనట్టే తలూపాడు.

ఇంట్లో కరెంటు తొమ్మిదికొచ్చింది.
నాన్న లుంగీ బిగించి నిలబడ్డాడు.
మూడు వేళ్ళతో కర్ర పట్టాడు.
దుంగని రంపం మీదకి తోసే ఆ భుజం
ఒకసారి వెనక్కెళ్ళి ముందుకొచ్చింది.
తెర మీద బంతి దొర్లి
పదికి పది పిన్నులూ పడ్డాయి.
ఎవరో ఇంగ్లీషులో గట్టిగా మెచ్చుకున్నారు,
ఏమన్నారో మాకెవరికీ తెలీదు.
తమ్ముడు ఓడాడు. మళ్ళీ ఓడాడు.
మూడోసారికి వాడికి నిజంగానే ఏడుపొచ్చింది.

నాలుగో ఆటలో తాడు జారి
కర్ర ఎగిరి బీరువా అద్దానికి తగిలింది.
పై మూల నుంచి కింది మూలకి బీట.
రాత్రంతా తిట్టింది అమ్మ,
అద్దం మాత్రం ఇన్నేళ్ళూ మార్చలేదు.
పొద్దున్నే తల దువ్వుకుని
అందులో కనబడే రెండు ముఖాల్లో
ఏదో ఒకటి ఎంచుకుని
బొట్టు పెట్టుకుంటుంది.